ఇంకుజెట్ యంత్రము హెడ్డు: అది నిజముగా చెడినదా?

మన సంఘములలో ఈనాడు కంప్యూటరు, దాని ప్రక్కన ఒక ఇంకుజెట్ ముద్రణ యంత్రము లేని కార్యాలయము అరుదు. కూలి చీటీలు, నూలు లెక్కలు, ప్రభుత్వమునకు పంపవలసిన తమిళ పత్రములు, సభ్యులకు ఇచ్చు తెలుగు నోటీసులు, చీరలకు కట్టు లేబుళ్ళు అన్నియు దాని నుండియే వచ్చుచున్నవి. వీని అన్నిటికంటె ముఖ్యమైనది డిజైను గ్రాఫు. పూర్వము గళ్ళ కాగితముపై కుంచెతో నింపిన బుటాను ఇప్పుడు కంప్యూటరులో నింపి, అచ్చు తీసి, ఆ కాగితమును ఎదుట పెట్టుకొనియే జాకార్డు అట్టలు కొట్టుచున్నాము. అచ్చులో తప్పు వచ్చినచో అది అట్టలోనికి వచ్చును. అట్టలో వచ్చినచో చీరలోనికి వచ్చును.

ఇటీవల మా గురుబరపల్లి కార్యాలయములో ఒక అంచు డిజైను అచ్చు తీసితిమి. అట్టలు కొట్టు అక్కగారు తమ అలవాటు చొప్పున పని మొదలుపెట్టుటకు ముందు వ్రేలితో గళ్ళు లెక్కపెట్టినారు. ఒక దళసరి గీతకు, మరియొక దళసరి గీతకు నడుమ ఎనిమిది గళ్ళు ఉండవలసిన చోట ఏడే వచ్చినవి. అడ్డముగా పోవు సన్న గీత ఒకటి అచ్చులో పడలేదు. రెండు గళ్ళు కలిసి ఒకటిగా కనబడినవి. ఆ లెక్కతోనే అట్టలు కొట్టియున్నచో ప్రతి ఆవృత్తిలోను ఒక పేక పోగు తక్కువై, అంచు పొడుగున పువ్వు నలిగినట్లు కనబడియుండును. అట్టి చీరను రెండవ రకముగా కట్టుదురు. నష్టము నేసిన కుటుంబమునకు వచ్చును.

మరమ్మతు చేయువానిని పిలిపించితిమి. ఆయన యంత్రము మూత యెత్తి చూచి, హెడ్డు పోయినది, మార్చవలెనని చెప్పినాడు. చాలా నమూనాలలో హెడ్డు వెల, బిగించు కూలి కలిపిన యెడల కొత్త యంత్రము వెలకు దరిదాపునకు వచ్చును. కావున ఆ మాటకు వెంటనే తల ఊపక, ఒక దినము గడువు అడిగితిమి. ఆ గడువులో మేము చేసిన పరీక్షలను, ఇతర సంఘముల గుమాస్తాలు చెప్పగా తెలిసిన సంగతులను కలిపి ఈ పాఠముగా వ్రాయుచున్నాము. హెడ్డు పోయినదని ప్రక్కన పెట్టిన యంత్రములలో పెక్కింటికి హెడ్డు పోదు. ఇంకు ఎండియుండును, గాలి చేరియుండును, లేదా హెడ్డును శుభ్రపరచవలసిన రబ్బరు ముక్కకే మురికి పట్టియుండును.

యంత్రము పనిచేయు తీరు

నేతగానికి ఈ యంత్రము అర్థమగుట కష్టము కాదు. హెడ్డు నాడె వలె ఈ ప్రక్క నుండి ఆ ప్రక్కకు పరుగెత్తును. కాగితము, నేసిన బట్ట దోనెకు చుట్టుకొన్నట్లు, ఒక్కొక్క పరుగునకు కొంచెము చొప్పున ముందుకు జరుగును. హెడ్డు అడుగున పన్నె సందుల వలె వరుస తీరిన రంధ్రములు ఉండును. వీనిని నాజిల్స్ అందురు. ఎప్సన్ ఎల్ 3110 వంటి చిన్న ట్యాంకు యంత్రములో నలుపునకు 180, సయాన్ అను ఆకాశనీలికి, మెజెంటా అను గులాబి రంగునకు, పసుపునకు ఒక్కొక్కదానికి 59 చొప్పున నాజిల్స్ కలవు. ఒక నాజిల్ వెడల్పు సుమారు 20 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రానుల లావుండును. నూలు పీచు ఒక్కొక్కటి 12 మొదలు 20 మైక్రానుల వరకు ఉండును. కండెలు చుట్టునపుడు వెలుగులో ఎగురుచు కనబడు దూది పీచు ఒక్కటి చాలును, ఒక నాజిల్‌కు అడ్డుపడుటకు.

ఇంకును ఆ రంధ్రము నుండి బయటకు నెట్టు పద్ధతులు రెండు. హెచ్.పి., కానన్ యంత్రములలో ప్రతి నాజిల్ వెనుక ఒక చిన్న వేడి పలక ఉండును. అది సెకండులో లక్షవ వంతునకు లోపలనే ఇంకును మరిగించి బుడగ పుట్టించును. ఆ బుడగ చుక్కను బయటకు త్రోయును. 1977లో కానన్ పరిశోధనశాలలో ఇచిరో ఎండో అను ఇంజనీరు పని చేయుచుండగా, కాలిన సోల్డరింగ్ ఇనుము ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలి ఇంకు చిమ్మినదట. దానిని చూచియే ఈ ఉపాయము తట్టినది. ఇంచుమించు అదే కాలమున అమెరికాలో హెచ్.పి. వారు కూడ వేరుగా ఈ దారి పట్టి, 1984లో థింక్‌జెట్ అను యంత్రమును అమ్మకమునకు తెచ్చిరి. రెండవది ఎప్సన్, బ్రదర్ వారి పద్ధతి. ఇందులో వేడి లేదు. పైజో అను స్ఫటికమునకు విద్యుత్తు తగిలినపుడు అది వంగి, ఇంకు గదిని నొక్కి చుక్కను పంపును.

ఈ భేదము తెలిసియుండుట అవసరము. వేడి పలక గల హెడ్డులో ఇంకే ఆ పలకను చల్లబరచును. ఇంకు లేకుండ అచ్చు కొట్టించినచో పలక కాలిపోవును. కాలినది మరల రాదు. పైజో హెడ్డు అట్లు కాలదు గాని, ఇంకు తక్కువైనచో గాలిని లోనికి పీల్చుకొనును. గాలి చేరిన నాజిల్‌లో స్ఫటికము ఎంత నొక్కినను, నొక్కబడునది గాలియే. చుక్క బయటకు రాదు.

పరీక్ష కాగితమును చదువుట

యంత్రములో నాజిల్ చెక్ అను ఏర్పాటు కలదు. దానిని నొక్కినచో నాలుగు రంగులలో మెట్ల వంటి సన్న గీతల పటము ఒకటి అచ్చగును. జబ్బు మనిషికి నాడి చూచుట ఎట్టిదో ఇది అట్టిది. ఈ కాగితము తీయకుండ శుభ్రపరచు మీట నొక్కుట, నాడి చూడకుండ మందు పోయుటయే. తీసిన కాగితముపై తేదీ, గంట వ్రాసి ఒక ఫైలులో ఉంచవలెను. ఒక కాగితము చూచి తీర్పు చెప్పరాదు. రెండు మూడు వరుసగా తీసి ప్రక్కప్రక్కన పెట్టినపుడే అసలు సంగతి తెలియును.

తెగిన మెట్టు ప్రతి కాగితములోను అదే చోట తెగియున్నచో, అది ఇంకు ఎండిన నాజిల్, లేదా పీచు పడిన నాజిల్. మగ్గముపై పోగు తెగి అతకకుండ విడిచినచో అదే సందున బట్ట పొడుగున గీత పడునుగదా. ఇక్కడ హెడ్డు అడ్డముగా పరుగెత్తును గనుక తెల్ల గీత కాగితము వెడల్పున పడును. అట్లు కాక, మొదటి కాగితములో ఒక చోట, రెండవ దానిలో వేరొక చోట, మూడవ దానిలో ఇంకొక చోట తెగినచో, అది మూసుకొన్న రంధ్రము కాదు. మూసుకొన్న రంధ్రము స్థలము మారదు. అది గాలి, లేదా ట్యాంకు నుండి ఇంకు చాలినంత రాకపోవుట. ఈ రెంటికి చికిత్స వేరు. మొదటిదానికి శుభ్రము చేయవలెను. రెండవదానికి విశ్రాంతి ఇయ్యవలెను. ఈ ఒక్క భేదము తెలియకనే చాలా ఇంకు, చాలా ధనము వ్యర్థమగుచున్నవి.

మా పొరుగు సంఘమొకదానిలో గుమాస్తా ఒక పూటలో పదిమారులు శుభ్రపరచు మీట నొక్కినాడు. నొక్కిన కొలది గీతలు ఇంకను పోయినవి. కాగితములన్నియు తెప్పించి చూడగా తెగిన చోట్లు ఎక్కడికక్కడ మారుచున్నవి. ట్యాంకులో పసుపు క్రింది గీతకు దిగువన ఉన్నది. గొట్టములో బుడగలు కంటికే కనబడుచున్నవి. ఇంకు నింపి, యంత్రమును దాని మీటతోనే ఆపి, రాత్రి అంతయు ముట్టుకొనవద్దని చెప్పితిమి. మరునాటి ఉదయము ఒక్కమారు శుభ్రపరచగా మెట్లన్నియు వచ్చినవి. బుడగలు అణగుటకు కాలము కావలెను. వరుసగా మూడు మారులకు మించి శుభ్రపరచరాదు. అప్పటికిని కుదరనిచో యంత్రమును ఆపి, పన్నెండు గంటలు విడిచిపెట్టి మరల చూడవలెను.

శుభ్రపరచు మీట ఊరకే పనిచేయదు. ప్రతిసారి నాలుగు రంగుల ఇంకును పీల్చి, యంత్రము అడుగున ఉన్న ఒక దళసరి మెత్తలో పోయును. ఎన్నిసార్లు పోసినది యంత్రము లెక్క ఉంచును. ఆ లెక్క నిండినపుడు, మెత్త నిండినదని చెప్పి ఆగిపోవును. బజారులో కొందరు మెత్త మార్చకుండ లెక్కను మాత్రము సున్నకు తిప్పి ఇత్తురు. తరువాత ఇంకు బల్లపైకి కారును. బల్లపై తెల్ల చీరలు మడిచియుంచు కార్యాలయములు మనవి.

పసుపు సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. తెల్ల కాగితముపై పసుపు మెట్లు తెగినను కన్ను పట్టదు. నీలి రంగు గాజు కాగితము, అనగా మిఠాయి పొట్లములకు చుట్టునట్టిది, కంటికి అడ్డు పెట్టి చూచినచో పసుపు గీతలు నల్లగా కనబడును. తెగినది వెంటనే దొరకును. రంగు కలుపుట తెలిసిన మన అద్దకపువారికి మరొక గుర్తు చాలును. ఈ యంత్రము ఎరుపును మెజెంటా, పసుపు కలిపి చేయును. ఆకుపచ్చను సయాన్, పసుపు కలిపి చేయును. గ్రాఫులో ఎరుపు గళ్ళు గులాబిగాను, పచ్చ గళ్ళు ఆకాశనీలిగాను వచ్చినచో పసుపు రాలేదన్నమాట.

ఒక రంగు మెట్లన్నియు ఒక్కసారి మాయమైనచో 59 రంధ్రములును ఒక్క రాత్రిలో మూసుకొనినవని అనుకొనరాదు. ట్యాంకులో ఇంకు ఉన్నదా, గొట్టము నలిగినదా, కొన్ని నమూనాలలో రవాణాకు బిగించు తాళపు మర ఉండును, అది విప్పబడినదా, కొత్త కార్ట్రిడ్జి అయినచో దాని గాలి రంధ్రముపై అంటించిన పసుపు టేపు తీసినారా, ఇవి చూడవలెను. నాలుగు రంగులును శుభ్రము చేసిన పిమ్మటనే మాయమైనచో అనుమానము హెడ్డుపై గాక క్యాపుపై, పంపుపై ఉండవలెను. క్యాపు అనునది హెడ్డు విశ్రాంతి తీసికొను చోట దాని అడుగును మూయు రబ్బరు దొన్నె. దానిలో నాలుగైదు చుక్కల డిస్టిల్డ్ నీరు వేసి శుభ్రపరచు మీట నొక్కవలెను. నీరు పోయినచో పంపు పీల్చుచున్నది. నీరు అట్లే నిలిచినచో పంపు గొట్టము మూసుకొన్నది, లేదా ఊడినది. హెడ్డుకు ఏ దోషము లేదు.

పరీక్ష కాగితము నిక్కముగా ఉండియు గ్రాఫు చెడినచో ఇక హెడ్డు శుభ్రము జోలికి పోరాదు. నిలువు గీతలు రెండు రెండుగా కనబడినచో హెడ్డు పోవునపుడు వేసినది, వచ్చునపుడు వేసినది కలియుటలేదని అర్థము. అలైన్‌మెంట్ అను ఏర్పాటు చేయించవలెను. హెడ్డు పరుగెత్తు దారి వెంబడి ఒక పారదర్శకపు పట్టీ కట్టియుండును. దానిపై కంటికి కనబడనంత సన్న గీతలుండును. తాను ఎక్కడ ఉన్నదీ హెడ్డు ఆ గీతలను చూచియే తెలిసికొనును. దానిపై నూనె, ఇంకు మరక పడినచో హెడ్డు దారి తప్పి ప్రక్కలకు కొట్టుకొనును. ఈ పట్టీని గట్టిగా తుడిచి గీతలు చెరిపినవారు కలరు. మెత్తని తడి బట్టతో మెల్లగా ఒక్కమారు తుడువవలెను, అంతే.

చేతితో శుభ్రపరచుట

మా యంత్రములో మూడు కాగితములందును నలుపు మెట్టు ఒకటి అదే చోట తెగియున్నది. రెండుమారులు మీట నొక్కినను మారలేదు. అప్పుడు వైపర్ అను రబ్బరు నాలుకను టార్చి వెలుగులో చూచితిమి. దాని అంచున నూలు పీచులు ఇంకుతో ముద్దకట్టి, చిన్న కుంచె వలె వ్రేలాడుచున్నవి. హెడ్డును తుడువవలసిన నాలుకయే ప్రతిసారి మురికి పూయుచున్నది. మా కార్యాలయమునకు, కండెలు చుట్టు వసారాకు నడుమ ఒక తడిక మాత్రమే అడ్డు. గోడకు గోడ ఆనుకొని మగ్గములున్న మన ఇండ్లలో ఈ తెగులు, నగరములోని కార్యాలయములకంటె ఎక్కువగా రాక తప్పదు.

నీటి విషయమున మన ప్రాంతమువారు జాగ్రత్త పడవలెను. కృష్ణగిరి, హోసూరు బోరు నీరు బిందె అడుగున తెల్ల పొర కట్టుట మనమందరము చూచుచున్నదే. ఆ పొరయే నాజిల్‌లోను కట్టును. బోరు నీరు, కొళాయి నీరు పనికిరావు. బ్యాటరీలకు పోయు డిస్టిల్డ్ నీరు తేవలెను. నీరు మాత్రమే, యాసిడు కలిపినది కాదు. కిరసనాయిలు, గోళ్ళ రంగు తీయు ద్రవము దగ్గరకు రానీయరాదు. సూది, పిన్నీసు మాట తలపరాదు. తెగిన పోగు సూదితో లాగి అలవాటైన చేతికి ఇది చెప్పుట అవసరమని తోచినది: 20 మైక్రానుల రంధ్రములో దూరు సూది మనయింట లేదు, ఉన్నదానితో పొడిచినచో రంధ్రము పెద్దదై చుక్క ప్రక్కకు పోవును.

యంత్రము నడుచుచుండగా, హెడ్డు మూల నుండి నడుమకు జరిగిన క్షణమున ప్లగ్గు తీయవలెను. అప్పుడు హెడ్డు చేతితో కదలును. ముందు వైపర్‌ను, క్యాపు అంచులను డిస్టిల్డ్ నీటిలో తడిపిన మెత్తని పాలిస్టరు బట్టతో తుడువవలెను. నూలు బట్ట వద్దు. అది మరల పీచు విడుచును. తరువాత పీచు రాలని కాగితపు తువాలు నాలుగు మడతలు వేసి, గోరువెచ్చని డిస్టిల్డ్ నీటితో తడిపి, పిండి, హెడ్డు దారిలో పరచి, హెడ్డును దానిపైకి మెల్లగా తేవలెను. రుద్దరాదు. ఒకటి రెండు గంటలు అట్లే నిలుపవలెను. ఎండిన ఇంకు నాని దిగును. నీరు కారునంతగా తడిపినచో అది పైనున్న విద్యుత్తు పట్టీలోనికి ప్రాకును. తడి ఆరకముందు ప్లగ్గు పెట్టినచో హెడ్డు నిజముగానే చచ్చును. మా యంత్రమును సాయంత్రము ఇట్లు నానబెట్టి, కాగితము తీసివేసి, ఆరనిచ్చి, ఉదయము ఒక్కమారు మీట నొక్కి పరీక్ష తీసితిమి. తెగిన మెట్టు నిలిచినది. ఆ అంచు డిజైనును మరల తీసి అక్కగారి చేతికిచ్చితిమి. ఆమె మరల లెక్కపెట్టిన తరువాతనే అట్ట ముట్టినారు.

హెచ్.పి. యంత్రములలో చాలవాటికి, కొన్ని కానన్ యంత్రములకు హెడ్డు కార్ట్రిడ్జిలోనే ఉండును. అట్టిదానికి ఇంత శ్రమ అక్కరలేదు. కార్ట్రిడ్జి తీసి, నాజిల్స్ ఉన్న ముఖమును తడి కాగితముపై ఒక నిమిషము ఆనించినచో ఇంకు ముద్ర పడును. పడనిచో కొత్త కార్ట్రిడ్జియే కొత్త హెడ్డు.

కొన్ని నమూనాలలో నలుపు పిగ్మెంటు, రంగులు డై. అద్దకములో వలెనే డై నీటిలో కరగియుండును, పిగ్మెంటు పొడి నీటిలో తేలియుండును. ఒకదాని సీసా మరియొకదానిలో పోసినచో లోపల పేరుకొనును. సీసాపైని సంఖ్య చూడక, చవుకయని కొన్న ఇంకు పోయరాదు.

రోజువారీ జాగ్రత్తలలో ఒకదానినే గట్టిగా చెప్పెదము. యంత్రమును గోడ స్విచ్చితో ఆపరాదు. దాని సొంత మీటతో ఆపినపుడే హెడ్డు మూలకు పోయి క్యాపుపై కూర్చుండును. గోడ స్విచ్చి ఆపినచో హెడ్డు నడుమనే, మూత లేక, గాలికి నిలుచును. మన యెండలో రెండు దినములలో ఇంకు అంచున గట్టిపడును. అచ్చు నడుచుచుండగా కరెంటు పోయినచో, వచ్చిన వెంటనే యంత్రమును ఒకమారు వెలిగించి, మీటతో ఆపవలెను. మా గుమాస్తా పొంగలి సెలవులకు తలుపు వేయుటకు ముందు ఇది చూచుకొనును. పని లేని వారములో కూడ శనివారము నాడు నాలుగు రంగులు పడునట్లు ఒక కాగితము తీయించుచున్నాము. ఇంకొక సంగతి: డ్రాఫ్టు అను వేగపు అచ్చులో ఒక వరుసను ఒకే నాజిల్ వేయును, కావున తప్పు ఉన్నది ఉన్నట్లు బయటపడును. మంచి అచ్చులో హెడ్డు అదే చోట పలుమారులు తిరిగి, ఒక నాజిల్ లోటును మరియొకటి పూరించును. గ్రాఫులను మంచి అచ్చులోనే తీయవలెను. పరీక్షకు డ్రాఫ్టు మేలు.

హెడ్డు నిజముగా చెడుట కూడ కలదు. నానబెట్టినను, విశ్రాంతి ఇచ్చినను ఏమాత్రము మారక, కత్తితో కోసినట్లు ఒక రంగులో సగము మెట్లు ఒకే దిమ్మగా పోయినచో, లేదా ఒకటి విడిచి ఒకటి క్రమము తప్పక పోయినచో, అది ఎండిన ఇంకు కాదు, విద్యుత్తు లోపము. ఎండిన ఇంకు అంత పద్ధతిగా మూయదు. అప్పుడును హెడ్డుకు పోవు చదును కేబులు సరిగా కూర్చున్నదో లేదో మరమ్మతుదారుచేత ముందు చూపించి, పిమ్మట హెడ్డు వెల అడుగవలెను.

యంత్రమును కృష్ణగిరికో హోసూరుకో తీసికొనిపోవలసివచ్చినపుడు ట్యాంకు మూతలు గట్టిగా బిగించి, తాళపు మర ఉన్నచో మూసి, బల్లపై ఉన్నట్లే సమముగా ఒడిలో పెట్టుకొని పోవలెను. బస్సులో ప్రక్కకు పడుకోబెట్టినచో ఇంకు గాలి గొట్టములలోనికి పోవును. మొదటి పరీక్ష కాగితము, చివరి పరీక్ష కాగితము రెండును వెంట తీసికొనిపోయి, బేరము మాటలాడుటకు ముందే మరమ్మతుదారు ఎదుట పెట్టవలెను.